రామన్ విన్న విశాఖ

సర్ సి.వి. రామన్ పేరు వినగానే మనకు స్ఫురించేది కాంతి. 1930లో ఆయనను నోబెల్ బహుమతి వరించింది కాంతి పరిశోధనకే. అయితే ఆయనను అంతకు మునుపే ఆకట్టుకున్నది నాదమనీ, ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలోననీ మనం అంతగా తలచుకోము.

1888లో తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్‌కు నాలుగేళ్ళ వయసులో, తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖలోని ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. నౌకాశ్రయం ప్రారంభమైనది 1933లో. ఉక్కు కర్మాగారం ఇంకా ఎంతో తరువాతి మాట. ఆనాటి విశాఖలో వీధి చివర సముద్రఘోష, ఇంట్లో తండ్రిగారి వయొలిన్. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివిన రామన్ పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్, పదమూడేళ్ళకు ఎఫ్.ఏ. పూర్తిచేసి, ఆపై మద్రాసు వెళ్ళారు.

తనను తీర్చిదిద్దిన మూడు గ్రంథాలలో ఒకటిగా ఆయన చెప్పుకొన్నది 1863లో వెలువడిన హెల్మ్‌హోల్ట్జ్ నాదశాస్త్ర గ్రంథం. చెవి ఏ ధ్వనినైనా శుద్ధ స్వరాలుగా విడదీస్తుందని హెల్మ్‌హోల్ట్జ్ సిద్ధాంతీకరించారు. ఆ బాటలోనే రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి మృదంగం, తబలాల రహస్యాన్ని విప్పారు. మామూలు డోలు చర్మంపై పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం మీది నల్లని పూత వాటిని శ్రుతిలోకి తెస్తుంది.

అయితే విడదీయడంతోనే వినికిడి పూర్తికాదు. మెదడు పార్శ్వభాగంలో, వినికిడికి ముఖ్యస్థానమైన మడతలను హెష్ల్ 1878లో వర్ణించారు. అక్కడి కణాలు ఏమి వింటాయి? విట్‌ఫీల్డ్, ఎవాన్స్ పిల్లులపై జరిపి 1965లో ప్రకటించిన పరిశోధనలో ఒక వింత బయటపడింది. కొన్ని కణాలు నిలకడ స్వరానికి మౌనం వహించి, స్థాయి మారుతుంటేనే స్పందించాయి. వాటిలోనూ కొన్ని ఆరోహణకే, కొన్ని అవరోహణకే!

ఆలోచిస్తే ఇది మన అనుభవమే. తీరంలో కాపురముండేవారికి సముద్రపు హోరు పట్టదు; ఓడ కూత వినబడితే తల అటు తిరుగుతుంది. స్వరం నుంచి స్వరానికి జారే గమకమే మన సంగీతానికి ప్రాణం.

రామన్ తీగను, చర్మాన్ని శోధించారు. వినేవాడిలో జరిగేది మిగిలిన సగం. ఆ విశాఖ ఇంట్లో వయొలిన్ తీగపై వేలు జారినప్పుడల్లా బాలుడి మెదడులో మేలుకొన్నవి అటువంటి కణాలేనేమో! వాటి ఉనికి శాస్త్రానికి తెలియడానికి మరో అరవై ఏళ్ళకు పైగా పట్టింది.