పుల్లెల గోపీచంద్ - మహిళా బ్యాడ్మింటను శిక్షణ

పుల్లెల గోపీచంద్ (జననం: 1973 నవంబరు 16) భారతదేశానికి చెందిన బ్యాడ్మింటను క్రీడాకారుడు, శిక్షకుడు. అప్పటి ప్రకాశం జిల్లాలోని నాగండ్ల గ్రామంలో జన్మించాడు. 2001లో ఆల్ ఇంగ్లండు టైటిల్ గెలిచి, ప్రకాష్ పడుకోనె (1980) తరువాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడయ్యాడు. 2006లో భారత జట్టుకు ముఖ్య శిక్షకుడుగా నియమితుడయ్యాడు. అతని శిక్షణలో ఎదిగిన సైనా నెహ్వాల్ 2012లోను, పి.వి.సింధు 2016లోను ఒలింపిక్ పతకాలు సాధించారు. అంతకు ముందు ఒలింపిక్ బ్యాడ్మింటనులో భారతదేశానికి ఒక్క పతకం కూడా లేదు.

నేపథ్యం

1992 బార్సిలోనా క్రీడలలో బ్యాడ్మింటను ఒలింపిక్ పతక క్రీడ అయింది. భారత మహిళలలో అంతకు ముందూ ఆ తరువాతా మంచి క్రీడాకారిణులు లేకపోలేదు. 1978 కామన్వెల్త్ క్రీడల డబుల్స్‌లో అమీ ఘియా, కన్వల్ ఠాకూర్ సింగ్ కాంస్యం గెలిచారు. అపర్ణా పోపట్ తొమ్మిది సార్లు జాతీయ విజేతగా నిలిచింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పి.వి.వి.లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఆడింది. ఈమె 2002లో గోపీచంద్‌ను వివాహమాడింది. అయితే ఈ విజయాలు చాలావరకు ఆయా క్రీడాకారిణుల వ్యక్తిగత ప్రతిభతో వచ్చినవే. ఒకరి తరువాత మరొకరిని ప్రపంచ స్థాయికి చేర్చే నిరంతర శిక్షణ వ్యవస్థ అప్పటికి రూపుదిద్దుకోలేదు.

హైదరాబాదులో ఇటువంటి కృషికి పునాది వేసినవారిలో ఎస్.ఎం.ఆరిఫ్ ముఖ్యుడు. లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన వద్ద గోపీచంద్, గుత్తా జ్వాల శిక్షణ పొందారు. సైనా కూడా మొదట నానీ ప్రసాద్ వద్ద, తరువాత ఆరిఫ్ వద్ద ఆట నేర్చుకుని, ఆ పిమ్మట గోపీచంద్ వద్దకు వచ్చింది.

అకాడమీ స్థాపన

2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో అకాడమీ కొరకు ఐదెకరాల స్థలాన్ని లీజుకు కేటాయించింది. నిర్మాణానికి కావలసిన ధనం సమకూర్చుకోవడం కష్టమైంది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ విరాళమిచ్చాడు. మిగిలిన సొమ్ము కొరకు గోపీచంద్ తన ఇంటిని తాకట్టు పెట్టాడు. 2008లో అకాడమీ ప్రారంభమైంది.

శిక్షణ విధానం

ఇక్కడి సాధన తెల్లవారకముందే మొదలవుతుంది. శిక్షకుడు వరుసగా షటిళ్ళు విసురుతుండగా కోర్టు నలుమూలలకూ కదులుతూ వాటిని తిప్పికొట్టడం సాధనలో ముఖ్యభాగం. ఆహారం, నిద్ర, క్రమశిక్షణల విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. రియో ఒలింపిక్సుకు ముందు సుమారు మూడు నెలల పాటు సింధు వద్ద ఫోను లేకుండా చేశాడు. మృదుస్వభావి అయిన సింధులో దూకుడు పెంచడానికి, అందరి ఎదుట కోర్టులో గట్టిగా అరిచేవరకు రాకెట్టు పట్టవద్దని ఆమెను ఆదేశించాడు.

సైనా నెహ్వాల్

సైనా 2008లో ప్రపంచ జూనియర్ విజేత అయింది. అదే సంవత్సరం బీజింగ్ ఒలింపిక్సులో క్వార్టర్ ఫైనలు చేరింది. 2009లో ఇండోనేషియా ఓపెన్ గెలిచి, సూపర్ సిరీస్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలయింది. 2012 లండన్ ఒలింపిక్సు కాంస్య పతక పోటీలో ప్రత్యర్థి వాంగ్ జిన్ గాయంతో వైదొలగడంతో పతకం సైనాకు దక్కింది.

పి.వి.సింధు

సింధు తల్లిదండ్రులు పి.వి.రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. సికింద్రాబాదు రైల్వే కోర్టులలో మహబూబ్ అలీ వద్ద ఆట మొదలుపెట్టిన సింధు, తరువాత గోపీచంద్ వద్ద చేరింది. ఇంటి నుండి అకాడమీకి రానుపోను రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణించేది. మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో చదువు కొనసాగిస్తూనే అంతర్జాతీయ పోటీలలో పాల్గొంది. 2013లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల సింగిల్స్‌లో పతకం పొందిన తొలి భారతీయురాలయింది. 2016 రియో ఫైనలులో స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ చేతిలో 21-19, 12-21, 15-21 తేడాతో ఓడి రజతం సాధించింది. 2019లో బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది.

విమర్శలు, మార్పులు

ఇద్దరు అగ్రశ్రేణి క్రీడాకారిణులకు ఒకే శిక్షకుడు ఉండడం వలన ఇబ్బందులు కూడా తలెత్తాయి. 2014లో సైనా బెంగుళూరు వెళ్ళి విమల్ కుమార్ వద్ద చేరింది. మరుసటి సంవత్సరం ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందింది. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు వచ్చింది. 2018 కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ ఫైనలులో అతని శిష్యురాళ్ళిద్దరూ తలపడగా సైనా గెలిచింది.

జాతీయ శిక్షకుడే సొంత అకాడమీ నడపడాన్ని డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బహిరంగంగా విమర్శించింది. సింధు 2019 విజయంలో కొరియా శిక్షకురాలు కిమ్ జీ హ్యూన్ పాత్ర ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సుకు సింధు కొరియాకే చెందిన పార్క్ తే సాంగ్ శిక్షణలో సిద్ధమై కాంస్యం గెలిచింది. అతని ప్రత్యక్ష పర్యవేక్షణ లేకుండా కూడా శిష్యురాళ్ళు గెలవగలరని ఈ ఫలితాలు చూపాయి. అయినా వారి ఆటకు పునాది గచ్చిబౌలిలో పడినదే.

తరువాతి తరం

గోపీచంద్ కుమార్తె గాయత్రి, కేరళకు చెందిన ట్రీసా జాలీతో కలిసి డబుల్స్ ఆడుతున్నది. ఈ జోడీ 2022, 2023 సంవత్సరాలలో ఆల్ ఇంగ్లండు సెమీ ఫైనలు చేరింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం గెలిచింది. సింగిల్స్‌లో మొదలైన ప్రభావం ఈ విధంగా డబుల్స్‌కూ విస్తరించింది.

పురస్కారాలు

శిక్షకుడుగా గోపీచంద్ చేసిన సేవకు 2009లో ద్రోణాచార్య పురస్కారం, 2014లో పద్మభూషణ్ పురస్కారం లభించాయి. అతని గురువు ఆరిఫ్ అంతకు ముందే 2000లో ద్రోణాచార్య పురస్కారాన్ని పొందాడు.