తులసివనంలో గంజాయి మొక్క

మొగల్తూరులో మా వీధి కుర్రాడెవడైనా చెడు తిరుగుళ్ళు మరిగాడంటే మా నాయనమ్మ ఒక్క ముక్కలో తీర్పు చెప్పేసేది: "తులసివనంలో గంజాయి మొక్క." దానికి అప్పీలు ఉండేది కాదు. తాతయ్యకి కేన్సర్ ఎముకలకి పాకాక, మార్ఫిన్ మాత్రల కోసం నేనూ నాన్నా నాలుగు ఊళ్ళు తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రాత్రి అదే నాయనమ్మ, "ఆకో అలమో, ఆ నొప్పి తగ్గేది ఏదన్నా తేరా" అంది. ఏది మందు, ఏది మత్తు అన్న తీర్పు అసలు ఎవరు చెప్పాలి? ఆ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే డెన్నిస్ పెరోన్ తగిలాడు.

పెరోన్ 1945లో న్యూయార్క్‌లో పుట్టాడు. అమెరికా వైమానిక దళంలో చేరి వియత్నాం వెళ్ళాడు. తిరిగొస్తూ సంచిలో దాదాపు కిలో గంజాయి తెచ్చుకున్నాడు. సాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో ప్రాంతంలో స్థిరపడి, డెబ్భైల్లో అందరికీ తెలిసేలాగే గంజాయి అమ్మాడు. 1977లో పోలీసు దాడిలో కాల్లో తూటా దిగింది. గే హక్కుల నాయకుడు హార్వీ మిల్క్ అతనికి స్నేహితుడు. ఇక్కడిదాకా ఇది ఒక గంజాయి వ్యాపారి కథే. దాన్ని కప్పిపుచ్చి అతన్ని మహాత్ముణ్ణి చేయక్కర్లేదు.

కథని మలుపు తిప్పింది ఎయిడ్స్. సరైన మందులు లేని ఆ రోజుల్లో రోగులు తిండి సయించక ఎముకలగూళ్ళయిపోయేవారు. గంజాయి తాగితే వికారం తగ్గి నాలుగు ముద్దలు లోపలికి పోతున్నాయని వాళ్ళు తమ అనుభవంతోనే తెలుసుకున్నారు. 1990 జనవరిలో పోలీసులు పెరోన్ ఇంటిమీద పడ్డారు. దొరికిన నాలుగు ఔన్సులూ తనవేనని అతని సహచరుడు జోనథన్ వెస్ట్ కోర్టుకొచ్చి చెప్పాడు. అప్పటికే ఎయిడ్స్ అతన్ని పీల్చేసింది. కేసు నిలబడలేదు. వెస్ట్ ఆ ఏడాదే పోయాడు.

ఆ తర్వాత పెరోన్ అమ్మింది అదే సరుకు. అడిగిన ప్రశ్నే మారింది. 1991లో అతను ముందుండి నడిపిన 'ప్రొపొజిషన్ పీ'కి సాన్‌ఫ్రాన్సిస్కోలో నూటికి దాదాపు 80 మంది ఓటేశారు. రోగులకి గంజాయి అందనివ్వమని ప్రభుత్వానికి చేసిన విన్నపం అది. చట్టం మారేదాకా ఆగకుండా పెరోన్ 'కెనబిస్ బయ్యర్స్ క్లబ్' తెరిచాడు. డాక్టరు చీటీ తెచ్చిన రోగి అక్కడ కొనుక్కోవచ్చు, కూర్చోవచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. ఎయిడ్స్ వార్డులో గంజాయి కలిపిన బ్రౌనీలు పంచి పదేపదే అరెస్టయిన పెద్దావిడ మేరీ జేన్ రాత్‌బన్ ఈ ఉద్యమానికి అమ్మమ్మలాంటి ముఖం. ఆవిణ్ణి బోనెక్కిస్తే పరువు పోయేది సర్కారుకే.

1996 ఆగస్టులో రాష్ట్ర అటార్నీ జనరల్ డాన్ లంగ్రెన్ మనుషులు క్లబ్బు మీద దాడి చేసి మూయించారు. రోగులు కానివాళ్ళకీ అమ్ముతున్నారన్నది ఆరోపణ. అప్పటికి 'ప్రొపొజిషన్ 215' ఓటింగుకి మూడు నెలలే ఉంది. నవంబరు 5న నూటికి 55 మందికి పైగా సరేనన్నారు. డాక్టరు సిఫారసుతో రోగి గంజాయి ఉంచుకోడానికి, పెంచుకోడానికి ఒప్పుకున్న మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా అయింది.

అసలు గొడవ సొంత శిబిరంలోనే ఉంది. "గంజాయి వాడకమంతా వైద్యమే" అనేది పెరోన్ వాదం. ఒత్తిడిగా ఉందా, నిద్ర పట్టట్లేదా, అదీ జబ్బేగా అనేవాడు. జార్జ్ సోరోస్ లాంటి శ్రీమంతుల డబ్బుతో ప్రచారం నడిపిన నిపుణులు ఈ మాటకి హడలిపోయి అతన్ని తెరవెనక్కి నెట్టారు. టీవీ ప్రకటనల్లో డాక్టర్లని, రోగులని చూపించారు. ప్రత్యర్థులు మాత్రం పెరోన్‌నే వేలెత్తి చూపించారు. ఇద్దరి లెక్కా అర్థమవుతుంది. నాకు ఆ వాదం పొరపాటే అనిపిస్తుంది. అన్నీ మందే అంటే నిజంగా మందు కావాల్సినవాడి అర్జీ పలచబడిపోతుంది. ఏ జబ్బుకి ఎంత, ఎవరికి ప్రమాదం అనే ప్రశ్నలు పక్కకి పోతాయి. అయితే ఆ నిపుణులు నీటుగా అమ్మిన కథని ముందు కోర్టుల్లోనూ వీధుల్లోనూ దెబ్బలు తిని సంపాదించిపెట్టింది ఈ మొండివాడే. చిత్రమేంటంటే, 2016లో సరదా వాడకాన్ని చట్టబద్ధం చేసే 'ప్రొపొజిషన్ 64'ని పెరోన్ వ్యతిరేకించాడు. సరదా వాడకం అనేదే లేదన్నవాడు దానికోసం వేరే చట్టాన్ని ఎలా ఒప్పుకుంటాడు? 2018 జనవరి 1న ఆ దుకాణాలు తెరిచారు. అదే నెల 27న పెరోన్ ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయాడు.

మన దగ్గరికొద్దాం. 1839లోనే కలకత్తాలో ఓషానెసీ అనే డాక్టరు గంజాయి మందు గుణాల మీద ప్రయోగాలు ప్రచురించాడు. పాశ్చాత్య వైద్యానికి ఈ మొక్క పరిచయమైంది ప్రధానంగా అక్కణ్ణుంచే. 1985లో అమెరికా గంజాయిలోని టీహెచ్‌సీని కృత్రిమంగా తయారుచేసి, కీమోథెరపీ వికారానికి మాత్రగా అనుమతించింది. అదే ఏడాది మనం ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చుకున్నాం. పూతా కాయా లేని ఉత్త ఆకు ఆ చట్టం దృష్టిలో గంజాయి కాదు, పూత గంజాయి. 20 కిలోలకి మించి దొరికితే కనీసం పదేళ్ళ జైలు. మార్ఫిన్‌ని రాష్ట్రానికో రకం లైసెన్సుల్లో బిగించి రోగులకి దొరక్కుండా చేసిందీ ఆ చట్టమే. 2014 సవరణ ఆ ముడిని కొంత విప్పింది. మా తాతయ్య దాకా అది రాలేదు.

ఆంధ్రాలో గంజాయి అంటే మన్యం, శీలావతి రకం, పట్టుబడ్డ లారీ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. మన్యంలో దీనివల్ల జైలుపాలైన గిరిజన కుటుంబాలని చూస్తే, ఈ వ్యాపారాన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. కానీ 2020 డిసెంబరులో, అత్యంత ప్రమాదకర మాదకాల జాబితా నుంచి గంజాయిని తీసేయాలన్న తీర్మానం ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో 27–25తో గెలిచినప్పుడు, ఆ 27లో భారత్ ఓటూ ఉంది. ఆ ఓటు గురించి మన టీవీల్లో ఎంత చర్చ జరిగింది?

మన గంజాయి వార్తల్లో రైతుంటాడు, దళారీ ఉంటాడు, పోలీసుంటాడు. రోగి కనబడడు. పెరోన్ చేసిన పని ఆ రోగిని తెచ్చి వార్త మధ్యలో కూర్చోబెట్టడం. అతని దుకాణం మనకి అక్కర్లేదు, "అంతా వైద్యమే" అన్న మాటా అక్కర్లేదు. ఆ కుర్చీ మాత్రం కావాలి. తాతయ్య పోయాక ఈ కథంతా నాయనమ్మకి చెబితే, ఆవిడ వెస్ట్ దగ్గరే ఆగిపోయింది. "ఆ అబ్బాయికి చివర్లో నొప్పి తగ్గిందా?" అని అడిగింది.