భాషా నియమం గల ఫెలోషిప్: తెలుగు చరిత్ర రచనపై దాని ప్రభావం

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఏడాది తిరగకముందే, 1958 సెప్టెంబరు 2న, అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టంలోని ఆరవ భాగం విదేశీ భాషా, ప్రాంత అధ్యయన కేంద్రాలకు నిధులూ, పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్పులూ సమకూర్చింది. దాని ప్రేరణ సాహిత్యాభిమానం కాదు, రక్షణావసరం. అందుకు తొలి ప్రాధాన్యం పొందిన ఆరు భాషల జాబితాయే సాక్ష్యం. అందులో హిందీ-ఉర్దూ ఉంది, తెలుగు లేదు.

అయితే చట్టం ప్రాంత పరిజ్ఞానాన్ని భాషతో ముడిపెట్టింది. భాషా బోధనకు తోడుగా చరిత్ర, రాజనీతి, భాషాశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, భూగోళం, మానవశాస్త్రం అనే ఏడు రంగాలను అది ఉదాహరించింది. విద్యార్థి ఏ శాఖకు చెందినవాడైనా ఫెలోషిప్ పొందాలంటే భాషా తరగతిలో కూర్చోవాలి. అంతర్విషయక పరిశోధన అనే మాట నినాదంగా మారకముందే ఈ నియమం దానిని ఆచరణలో పెట్టింది. డబ్ల్యూ. నార్మన్ బ్రౌన్ 1948లోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా ప్రాంత అధ్యయన శాఖను నెలకొల్పాడు. కనుక ఆలోచన కొత్తది కాదు, దానికి నిలకడైన నిధి రావడమే కొత్త. ఆ విశ్వవిద్యాలయానికే చెందిన లీ లిస్కర్ తెలుగు వాచకం 1963లో వెలువడింది. 1962 నుంచి పి.ఎల్. 480 పథకం కింద తెలుగు పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు చేరసాగాయి. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్‌లో తెలుగు బోధన చేపట్టారు.

ఫలితాన్ని రెండు గ్రంథాలలో చూడవచ్చు. ఏ విద్యార్థికి ఏ పద్దు నుంచి వేతనం అందిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ నిధులతో నిలిచిన తరగతి గది, గ్రంథాలయం ముఖ్యం. విస్కాన్సిన్‌లోనే 1988లో డాక్టరేట్ పొందిన సింథియా టాల్బట్ చరిత్రకారిణి. కాకతీయుల కాలపు దానశాసనాలను ఆమె ఒక్కొక్కటిగా కాక రాశిగా తీసుకొని, దాతల పేర్లనూ బిరుదులనూ లెక్కించారు. శాసనాలలో వర్ణ, జాతి ప్రస్తావన ఊహించినంతగా లేదనీ, తండ్రీకొడుకుల హోదాసూచకాలు కొన్నిచోట్ల వేర్వేరుగా ఉన్నాయనీ తేలింది. 2001లో వచ్చిన ఆమె గ్రంథం మధ్యయుగ ఆంధ్ర సమాజం నిశ్చలమన్న భావనను దెబ్బతీసింది. శాసన భాష చదవగలగడం, గణాంక పద్ధతి తెలియడం అనే రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఈ నిర్ణయం సాధ్యం కాదు.

అక్కడే 1986లో ఆంధ్ర ఆలయ వాస్తుపై డాక్టరేట్ పొందిన ఫిలిప్ వాగనర్ కళాచరిత్రకారుడు. ఆయన 1993లో రాయవాచకాన్ని అనువదించి, అది కృష్ణదేవరాయల సమకాలీన రచన కాదనీ, సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందనీ వాదించాడు. సమకాలీన సాక్ష్యంగా వాడుకుంటూ వచ్చిన గ్రంథం ఇలా తరువాతి తరపు జ్ఞాపకంగా మారింది. దీంతో దాని విలువ తగ్గలేదు. అది సమాధానం చెప్పగల ప్రశ్నలు మారాయి.

ఈ విధానానికి లోపాలు లేకపోలేదు. నిధి ఎవరిదో, ప్రాధాన్యాలను నిర్ణయించేదీ వారే. ఫలితాలు ఆంగ్లంలోనే ప్రచురితమై, తెలుగు శాఖల పాఠ్యప్రణాళికల్లోకి ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. మన శాసనాలపై జరిగిన చర్చ మన భాషలో జరగకపోవడం చిన్న విషయం కాదు.

అయినా మన ఏర్పాటును దీని పక్కన పెట్టి చూడాలి. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష విషయాలవారీగా జరుగుతుంది. చరిత్ర అభ్యర్థికి తెలుగు శాసనం చదవడం రావాలన్న నియమం లేదు. తెలుగు అభ్యర్థికి క్షేత్ర పురావస్తు శిక్షణ తప్పనిసరి కాదు. శక్తి లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలను సేకరించింది. భాషాశాస్త్రం, వృత్తిజ్ఞానం అందులో కలిశాయి. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఆ కృషిని నడిపింది అకాడమీ ప్రణాళికే తప్ప విద్యార్థి ఫెలోషిప్ కాదు. చరిత్ర, పురావస్తు, తెలుగు శాఖలు కలిసి కొద్దిపాటి ఫెలోషిప్పులనైనా శాసన పఠనంలో ఏడాది శిక్షణ అనే నియమంతో ఇవ్వవచ్చు. ఇందుకు కొత్త శాఖ అక్కరలేదు. ఇద్దరు పర్యవేక్షకులు, ఒక శాసన ప్రతుల భాండారం, వారానికి రెండు తరగతులు చాలు.