ఎర కథ

తెలుగులో ‘ఎర’కు మేత అన్న అర్థమూ ఉంది. పక్షి తన పిల్ల నోటికి అందించేదీ ఎరే, జాలరి గాలానికి గుచ్చేదీ ఎరే. సంస్కృతంలో ఆమిషానిదీ ఇదే తీరు: మాంసమూ అదే, గాలపు ఎరా అదే. వానపామును చాలాచోట్ల ‘ఎర్ర’ అంటారు. ఎరకూ ఎర్రకూ చుట్టరికం ఉన్నదో లేదో తేల్చడం నిఘంటుకారుల పని. నాకు మాత్రం ఉన్నదనే అనిపిస్తుంది.

మాది ఖానాపురం హవేలి. పేరులోని ‘హవేలి’ మొగలాయి కాలపు రెవెన్యూ మాట. పాలనాకేంద్రం చుట్టూ ఉండి, జమీందారుకు ఇవ్వకుండా సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసుకొనే భూములకు ఆ పేరు. ఇక్కడ ఒకవైపు మున్నేరు, కాస్త దూరంలో నిజాం కాలపు వైరా, పాలేరు జలాశయాలు, నడుమ లెక్కకు మించిన చెరువులు. గాలం పట్టేవారికి కొదవ లేదు.

గాలం వేట దొరలు నేర్పిన వినోదమని కొందరు చదువుకున్నవారు కూడా అంటుంటారు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉంది. చేపలను సముద్రపువి, నదులవి అనీ, పొలుసు ఉన్నవి, లేనివి అనీ విడదీసి, ఏ రకానికి ఏ మేత పెట్టాలో చెప్పాడాయన. సుందర్‌లాల్ హోరా అనే మత్స్యశాస్త్రవేత్త 1951లో దీనిమీద వ్యాసం రాసి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెచ్.ఎస్. థామస్ గాలం వేటమీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించినది 1873లో, చెరువుల వేటకని వేరే పుస్తకం తెచ్చినది 1887లో. నడుమ ఏడువందల ఏళ్ళకు పైగా ఉన్నాయి.

ఇక అసలు విషయం. వేటాడి తినే చేపలన్నిటికీ ఒకే ఎర పనికిరాదు. వాలుగ రాత్రి తిరిగే చేప. దానికి మీసాలున్నాయి, వాసన పట్టగలదు. కనుక చచ్చిన చేపముక్కకు, కుళ్ళు వాసన వేసే మాంసానికి అది వస్తుంది. కొర్రమీను అలా కాదు, కదిలేదాన్ని చూసి మీద పడుతుంది. తూటికాడల నడుమ నీటిపైన కప్ప ఈదితే చాలు. మొప్పలున్నా అది గాలి మింగడానికి పైకి రాక తప్పదు. అక్కడ లేచే బుడగే వేటగాడికి ఆనవాలు. ఈ తేడా తెలియనివాడు ఎంత ఖరీదైన కర్ర పట్టినా ఒట్టి చేతులతోనే ఇల్లు చేరతాడు.

అన్నట్టు, వాలుగకు శాస్త్రనామం వల్లాగో అట్టు. విశాఖపట్నంలో చేపలను పరిశీలించిన పాట్రిక్ రసెల్ 1803 నాటి తన గ్రంథంలో తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. 1851లో బ్లీకర్ పెట్టిన ప్రజాతి నామం ‘వల్లాగో’ మన వాలుగే! ఆ మాటను రసెల్‌కు చెప్పిన బెస్తవాని పేరు మాత్రం ఆ శాస్త్రనామంలో లేదు.

బొమ్మ ఎరలు పడమటి దేశాల సరుకు. అమెరికాలో జూలియో బ్యుయెల్ 1852లో చెంచా ఎరకు పేటెంటు పొందాడు. ఫిన్లాండులో లౌరి రపాలా అనే పేద జాలరి 1936లో బెండును చేపగా చెక్కి, చాక్లెట్టు రేకు చుట్టి, ఫోటో నెగెటివులు కరిగించి పూత పూశాడు. ఇప్పుడు మా చెరువు గట్టున కుర్రవాళ్ళ చేతుల్లో రబ్బరు కప్పలు కనిపిస్తున్నాయి. కొక్కేలు వీపుకు ఆనుకొని ఉంటాయి కాబట్టి నాచు తగులుకోదు. బతికిన కప్పకు గుచ్చుకొనే బాధ తప్పింది, అది మేలే. పురుగులను తినే కప్పలు పొలాలకు ఎంత అవసరమో గ్రహించి, కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లోనే నిలిపివేసింది.

కాని ఒక సంగతి నన్ను కలవరపెడుతుంది. వానకాలంలో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటిపైకి వస్తాయి. కింద తల్లిదండ్రులు కాపు ఉంటాయి. ఆ గుంపు మీదుగా రబ్బరు కప్ప లాగితే అది ఆకలితో కాదు, పిల్లలను కాచుకోవడానికి కరుస్తుంది. కాపు పోయిన గుంపును మిగతా చేపలు గడియలో తినేస్తాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించినది దీన్నే. ఆ ఎర్రగుంపు కనబడితే గాలం చుట్టుకొని మరో ఒడ్డుకు పోయే ముసలివాళ్ళను చూశాను. కుర్రవాళ్ళకు నేనూ చెబుతున్నాను. కొందరు వింటున్నారు, కొందరు ఆ గుంపు కోసమే వెతుకుతున్నారు.