కలమల్ల రాయీ, వెల్డింగు బల్లా

కలమల్ల అనగానే మనకి గుర్తొచ్చేది ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం. క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో దొరికినవాటిలో మొదటిదని చరిత్రకారుల మాట. ఆ ఊళ్ళోనే థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఉంది, 1994 లో మొదలైంది. బాయిలరంటే వేల వెల్డింగు అతుకులు. శాసనం గురించి బోలెడు రాశారు, అతుకుల గురించి మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ టపా.

మన ఊళ్ళలో చాలాచోట్ల గేట్లు నేలమీద పరిచే అతుకుతారు. నేల ఎగుడుదిగుడైతే గేటు మూల పైకి లేస్తుంది. పైగా అతుకు చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోయి ఫ్రేముని లాగేస్తుంది. దీనికి మందు చదునైన, బరువైన బల్ల. దానిమీద క్లాంపులతో బిగించి అతకాలి.

మరి ఆ బల్ల చదునని తేల్చేదెలా? దానికింకో చదును పలక కావాలి. కంపైలరు రాయడానికి కంపైలరు కావాలన్నట్టుంది కదూ! ఈ పీటముడి విప్పే పద్ధతిని 1840 లో గ్లాస్గోలో జోసెఫ్ విట్‌వర్త్ వివరించాడు. రెండు పలకల్నే ఒకదాంతో ఒకటి సరిచేస్తే, ఒకటి గుంటగా, రెండోది ఉబ్బుగా తయారై కూడా చక్కగా కలిసిపోవచ్చు. మూడో పలక వస్తే ఆ మోసం సాగదు. మూడింటినీ జంటలు మార్చి, తిప్పి చూస్తూ, ఎత్తున్నచోట గీకుతూ పోతే చివరికి మూడూ చదునవుతాయి.

తర్వాత ఈ కథలోకి రాయి కూడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇనుముకి కటకటగా ఉన్నప్పుడు అమెరికాలోని డేటన్‌లో వాలెస్ హెర్మన్ కొలత పలకలకి గ్రానైట్ వాడాడు. ఆయనకి సమాధి రాళ్ళ పని కూడా ఉండేదట! అక్షరాలు చెక్కే రాయే కొలతకీ పనికొచ్చిందన్నమాట.

అయితే వెల్డింగు బల్లకి రాయి కుదరదు. కరెంటు తిరుగుదారికీ వేడికీ ఉక్కే కావాలి. ఈ రోజుల్లో రెడీమేడ్‌గా దొరికేవాటిలో 16 మి.మీ. రంధ్రాలు 50 మి.మీ. దూరంలో, 28 మి.మీ. వి 100 మి.మీ. దూరంలో ఉంటాయి. వాటి ధర చిన్న వర్క్‌షాపుకి అందదు. సొంతంగా చేసుకునేవాళ్ళు పై పలకని ఫ్రేముకి చుట్టూ అతికేస్తే అదే వంగిపోతుంది. బోల్టులతో బిగించి, కింద పల్చటి రేకులు పెట్టి మట్టం చేసుకోవడం మేలు. సరిచూసే బద్దల్ని కూడా విట్‌వర్త్ లెక్కన మూడు చేసుకోవచ్చు.

నాకు నచ్చింది ఇదే. ఖచ్చితత్వాన్ని ఎవరిదగ్గరా కొనక్కర్లేదు. మూడు ముక్కలూ, ఓపికా ఉంటే ఎర్రగుంట్ల షెడ్డులోనైనా పుడుతుంది. ఏమంటారు?