వెళ్ళాలా, మానాలా? – విదేశీ ఉన్నత సాంకేతిక విద్య: తెలుగువారి నిర్ణయ చరిత్ర

ఉపోద్ఘాతం

ఇంజనీరింగు పట్టా చేతికి వచ్చిన తెలుగు యువతీయువకుల ముందు నేడు నిలుస్తున్న మొదటి ప్రశ్న, పై చదువుకు విదేశం వెళ్ళడమా, మానడమా అన్నది. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో సగానికి పైగా స్నాతకోత్తర స్థాయివారే. ఈ నిర్ణయాన్ని వ్యక్తి ప్రతిభకో, ఆశకో సంబంధించిన విషయంగా భావించడం పరిపాటి. అయితే ఒక శతాబ్ద కాలాన్ని గమనిస్తే, ప్రశ్న విద్యార్థిదే అయినా జవాబు చెప్పే అధికారం వేర్వేరు కాలాల్లో వేర్వేరు చేతుల్లో ఉన్నట్లు తెలుస్తుంది. ఆ అధికారం చేతులు మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం – సముద్రం

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతన హేతువుల్లో చేర్చింది. ధర్మశాస్త్ర నిబంధనకారులు దానిని కలివర్జ్యాల్లో కూడా చేర్చారు. వలసపాలన కాలంలో అగ్రవర్ణ కుటుంబాల్లో సీమ చదువు ప్రస్తావన వచ్చినప్పుడు ఖర్చు కంటే ముందు ప్రాయశ్చిత్తం, వెలి వంటి మాటలు వినిపించడానికి ఇదే కారణం. అయితే 20వ శతాబ్దం తొలి దశాబ్దాలకే ఈ భయం సడలసాగింది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ తొలి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన పార్వతీశాన్ని ఇబ్బంది పెట్టినది శాస్త్రం కాదు, టోపీ. మద్రాసులో అతడు కొనుక్కున్నది దొరసానులు పెట్టుకునే టోపీ అని తరువాత గాని తెలియదు. పాప భయం స్థానంలోకి అపరిచిత లోకం పట్ల బెరుకు వచ్చిందనడానికి ఈ హాస్య సన్నివేశం మంచి సాక్ష్యం. చెప్పకుండా వెళ్ళడం కూడా గమనించదగినదే. అడిగితే కాదంటారన్న అనుమానం ఉన్నచోటే అలాంటి ప్రయాణం పుడుతుంది.

అవసరం – ప్రభుత్వం

సాంకేతిక విద్యలో విదేశీ ప్రయాణానికి ఒక బలమైన కారణం స్వదేశంలో ఉన్నత పరిశోధనకు చోటు లేకపోవడం. మద్రాసులో 1794లో సర్వే పాఠశాలగా మొదలైన సంస్థ గిండీ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగినా, పరిశోధన స్థాయి చదువుకు అవకాశాలు స్వల్పం. కానూరి లక్ష్మణరావు (1902–1986) మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన తరువాత కూడా డాక్టరేటు కోసం బర్మింగ్‌హాం వెళ్ళవలసివచ్చింది. 1939లో ఆ పట్టా పొందిన ఆయన తరువాతి కాలంలో నాగార్జునసాగర్ నిర్మాణంతో ముడిపడిన పేరయ్యారు.

యలవర్తి నాయుడమ్మ (1922–1985) ఉదాహరణ మరింత ఆసక్తికరం. తెనాలి ప్రాంతపు రైతు కుటుంబం నుంచి వచ్చిన ఆయన, కులసమాజం అంటరాని పనిగా నెట్టివేసిన తోళ్ళ పరిశ్రమను శాస్త్రంగా ఎంచుకొని అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. తిరిగివచ్చి మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు 1958లో సంచాలకులయ్యారు. సముద్రం దాటడం కంటే చర్మకారుడి పనిని చేపట్టడమే ఆనాటి సమాజంలో పెద్ద అతిక్రమణ.

ఈ తరం తిరిగిరావడాన్ని దేశభక్తితో వివరించడం ఆనవాయితీ. అది అబద్ధం కాదు, కాని సంపూర్ణమూ కాదు. అమెరికా 1917 నాటి చట్టం భారతీయుల వలసను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1946లో మార్పు వచ్చినా భారతదేశానికి దక్కిన వార్షిక కోటా 100 మాత్రమే. చదువుకోవడానికి తెరిచిన తలుపు స్థిరపడడానికి దాదాపు మూసే ఉండింది. మరోవైపు, స్వాతంత్ర్యానికి ముందే భారత ప్రభుత్వం ఉపకారవేతనాలిచ్చి ఇంజనీర్లను విదేశాలకు పంపింది. వారు తిరిగివచ్చి పనిచేస్తారన్నదే ఆ ఖర్చు వెనుక ఉన్న లెక్క.

చట్టం – రూపాయి

1965 అక్టోబరు 3న అమెరికాలో కొత్త వలస చట్టంపై సంతకం జరిగింది. జాతీయ కోటాలు తొలగి, నైపుణ్యం అర్హత అయింది. అదే సమయానికి ఖరగ్‌పూర్ ఐఐటీ (1951), వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల (1959) వంటి సంస్థలు పట్టభద్రులను తీర్చిదిద్దుతున్నాయి. స్వదేశంలో చదువు పెరిగితే విదేశీ ప్రయాణం తగ్గాలి. జరిగినది అందుకు విరుద్ధం. మంచి ప్రాథమిక పట్టా విదేశీ ప్రవేశానికి అర్హతపత్రమైంది. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించగా డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలకు చేరింది. వెయ్యి డాలర్ల ఖర్చు ఒక్క రోజులో 4,760 నుంచి 7,500 రూపాయలైంది. దానితో విశ్వవిద్యాలయమిచ్చే సహాయకవేతనం లేనిదే మధ్యతరగతి విద్యార్థి కదలలేని స్థితి బలపడింది. నిర్ణయం కుటుంబం చేతి నుంచి ఆచార్యుడు రాసే ఉత్తరం మీదికి మారింది.

రుణం – లాటరీ

ఇటీవలి దశ స్వరూపం వేరు. 2001 నాటి ఆదర్శ విద్యారుణ పథకం విదేశీ చదువుకు 15 లక్షల రూపాయల వరకు అప్పుకు వీలు కల్పించింది. పెద్ద మొత్తానికి తరచు స్థిరాస్తి హామీ అడుగుతారు. అంటే ఇంటి పత్రమో, పొలం పత్రమో బ్యాంకుకు చేరుతుంది. ప్రతిభతో పాటు పట్టా భూమి కూడా అర్హతలో భాగమైంది. భూమి లేని కుటుంబపు విద్యార్థికి ప్రశ్న అక్కడే ఆగిపోవచ్చు.

మాస్టర్స్ పట్టా ఆకర్షణకు చదువొక్కటే కారణం కాదు. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 కాగా, అమెరికాలో ఉన్నత పట్టా పొందినవారికి మరో 20,000 ప్రత్యేకించారు. చదువు తరువాత శిక్షణ పేరుతో పనిచేసే 12 నెలల గడువుకు సాంకేతిక రంగాలవారికి 2016 నుంచి 24 నెలల పొడిగింపు ఉంది. కాబట్టి విద్యార్థి కొంటున్నది పట్టాతో పాటు అప్పు తీర్చుకోవడానికి మూడేళ్ళ గడువును కూడా. దరఖాస్తులు పరిమితిని మించినప్పుడు ఎంపిక లాటరీ ద్వారా జరుగుతుంది. హైదరాబాదు సమీపంలోని చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అన్న పేరు రావడం ఈ అనిశ్చితికి సాంస్కృతిక ప్రతిఫలనం. కోరికతో 11 ప్రదక్షిణలు, తీరాక 108. సముద్రయానాన్ని దోషమన్న సంప్రదాయమే ఇప్పుడు ఆ ప్రయాణం సఫలం కావాలని ప్రదక్షిణ చేయిస్తోంది.

ముగింపు

శాస్త్రం, ప్రభుత్వం, వలస చట్టం, బ్యాంకు – ఈ నాలుగూ క్రమంగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే స్థానంలోకి వచ్చాయి. తొలి కాలంలో వెళ్ళడానికి అనుమతి కావలసివచ్చింది. నేడు వెళ్ళకపోవడానికి సంజాయిషీ కావలసివస్తోంది. నష్టభయం కూడా స్థానం మారింది. వెలి భయం తిరిగివచ్చినవాడిది. అప్పు భయం తిరిగిరాలేనివాడిదీ, అతడి ఇంటిదీ. వెళ్ళినవారి జీవితచరిత్రలు తెలుగులో ఉన్నాయి. ఆలోచించి మానినవారి నిర్ణయం గ్రంథస్థం కావడం అరుదు. వారి ఉత్తరాలు, రుణపత్రాలు, మౌఖిక కథనాలు సేకరించినప్పుడే ఈ చరిత్రలోని రెండో సగం రూపుకడుతుంది. మానడం కూడా ఒక నిర్ణయమేనని, అందుకు కారణం అన్నివేళలా అసమర్థత కాదని అప్పుడు స్పష్టమవుతుంది.