కుక్కపిల్ల శుచిత్వము

క్రొత్తగా తెచ్చిన కుక్కపిల్ల రాత్రియంతయు అరచి, గదిలో మూత్రము విడిచినచో, నిద్ర చెడిన యజమాని దానిని కొట్టుట పరిపాటి. ఆ దెబ్బ న్యాయమైనదేనా?

అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను పుట్టినది మొదలు పరిశీలించి, ఫలితములను 1965లో గ్రంథముగా ప్రకటించిరి. పుట్టిన పిల్ల తనంతట మలమూత్రములు విడువలేదు. తల్లి నాకినపుడే విడుచును. తల్లియే శుభ్రము చేయును. మూడు వారములు దాటగనే పిల్ల తప్పటడుగులతో పడక వదలి బయటకు పోవ నారంభించును. సుమారు ఎనిమిదిన్నర వారములకు దూరముగా ఒక చోటు నేర్పరచుకొనును. అనగా శుచిత్వపు బీజము పిల్లలోనే యున్నది. ఏది పడకయో, ఏది పెరడో మనము చూపవలెను. పెట్టెలో పడుకోబెట్టి నేర్పు పద్ధతికి ఆధారమిదియే. పెట్టె పిల్ల నిలిచి, తిరిగి, పడుకొనుటకు చాలినంతయే యుండవలెను. మరీ పెద్దదైనచో ఒక మూల పడకగది, ఇంకొక మూల మరుగుదొడ్డి యగును!

ఇక అరపుల సంగతి. 1961లో ఇలియట్, స్కాట్‌లు పిల్లలను క్రొత్తచోట ఒంటరిగా నుంచి అరపులను లెక్కించిరి. ఆరు, ఏడు వారముల వయస్సున అవి హెచ్చుగా నుండెను. మనము పిల్లను తల్లినుండి వేరుచేసి తెచ్చునదియు ఇంచుమించు అప్పుడే. కనుక అది మొండితనము కాదు, ఎడబాటు.

పోనీ, పెద్దదైన పిమ్మట తెచ్చుకొందమా? ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్‌లు అదే సంవత్సరము ప్రకటించిన ప్రయోగములో, పదునాలుగు వారములవరకు మనుష్య స్పర్శ యెరుగని పిల్లలు అడవి జంతువులవలె బెదరినవి. కాబట్టి పెట్టెను మన మంచము ప్రక్కనే యుంచి, నడిరేయి ఒకసారి లేచి, పిల్లను పెరటిలోనికి తీసికొనిపోవలసినదే.